చుక్క కదల్లేదు కాబట్టి క్షేమం

నీళ్ళెక్కిన నలభై ఒకటో ఏడు, ఆశ్వయుజం
సోమవారం, మధ్యాహ్నం

ఈ నోటుపుస్తకం ఎందుకు మొదలుపెట్టానో ముందు రాస్తాను. పడవల మీద పెత్తనం చేసే జాడ మండలి వాళ్ళు ప్రతి పడవకీ ఒక చిట్టా ఇచ్చారు. పలకలాంటి యంత్రం. వేట నుంచి రాగానే అందులో ఏడు గడులు నింపాలి. ఎప్పుడు వెళ్ళావు, ఎప్పుడు వచ్చావు, ఏ చేప, ఎంత బరువు, గాలి ఎటు, పడవకి దెబ్బ తగిలిందా, మనిషికి దెబ్బ తగిలిందా. కోపం వచ్చిందా అన్న గడి లేదు. నాకు రోజూ వచ్చేది అదే. అందుకని సంతలో కాగితం పుస్తకం కొన్నాను. రాసేది సూరాడ కాసమ్మ, వయసు యాభై, ఊరు మెరకపేట, పడవ నంబరు ఇరవై ఆరు.

ఇవాళ్టి కోపం వాన గురించి. ప్రతి పడవకీ నెలకి నాలుగు వేట రోజులు. ఏయే రోజులో మండలే ముందుగా రాసి పంపిస్తుంది. నాకూ, మా తమ్ముడు ఎల్లాజీకీ రేపు పడింది. మూడు రోజులుగా ముసురు. గట్టు మీదికి లాగి పెట్టిన పడవల్ని కూడా కెరటం వచ్చి తడిపి పోతోంది. పలకలో మాత్రం “చిరుజల్లులు, వేటకు అనుకూలం” అని పచ్చరంగులో మెరుస్తోంది. రేపు వెళ్ళకపోతే ఆ రోజు పోయినట్టే. ఇంకో రోజు ఇవ్వరు.

ఊళ్ళో మండలి పెట్టిన జాడ గదికి వెళ్ళి తెర ముందు నిలబడి అడిగాను. అవతల హిమవంత్ అనే ఉద్యోగి కనపడ్డాడు. మర్యాదస్తుడు. మర్యాదగా మాట్లాడేవాళ్ళ మీద కోపం తీర్చుకోవడం ఎంత కష్టమో ఆ కుర్చీలో అతన్ని కూర్చోబెట్టినవాళ్ళకి బాగా తెలుసు.

“మా అంచనా ప్రకారం అల ఎత్తు ఒకటిన్నర మీటరేనమ్మా,” అన్నాడు.

“మీ అంచనాని ఒకసారి గట్టు మీదికి తీసుకురండి బాబూ, తడుస్తుంది,” అన్నాను.

నవ్వాడు. నాకు ఇంకా మండింది.

మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట

వెళ్ళి వచ్చాం. ప్రాణాలతోనే. బరకం కింద కూర్చుని రాస్తున్నాను, అయినా కాగితం చెమ్మగిల్లుతోంది.

పొద్దున్న ఆరింటికి పడవలు దించాం. నా పడవలో నేనూ, మా పెదనాన్న కొడుకు దానయ్యన్నా. ఆయనకి అరవై ఎనిమిది. మోకాళ్ళు పోయాయి కానీ చేతుల్లో బలం పోలేదు. ఎల్లాజీ తన పడవలో ఒక్కడే. ఏడాదిగా ఇంతే, తోడు తీసుకెళ్ళరా అంటే వినడు.

ఇక ఆఫీసు చిట్టాలో రాయకూడని సంగతి రాస్తాను. ప్రతి పడవ ముక్కుకీ మండలి వాళ్ళు ఒక జాడబిళ్ళ బిగించారు. పడవ ఎక్కడుంటే పటంలో అక్కడ చుక్క వెలుగుతుంది. మన క్షేమం కోసమట. ఆ పటం ఎవరైనా చూడొచ్చు. ఎవరైనా అంటే జల్లెడలు కూడా. జల్లెడ అంటే మేం పెట్టిన పేరు. ఊరంత ఓడ, అడుగున నేలని గీరే ఇనప పళ్ళ వల. ఏ చుక్క ఎక్కడ ఎక్కువసేపు ఆగిందో చూసుకుని అక్కడికి వస్తుంది. నీళ్ళలో మునిగిపోయిన మా పాత ఊరిని అడుగూరు అంటాం. దాని ఇళ్ళలో ఇప్పుడు చేపలు కాపురం ఉంటాయి. ఒక్కో కుటుంబానిదీ ఒక్కో కట్టడం. బస్టాండు మీద ఒకాయన చుక్క మూడు రోజులు నిలిచింది. నాలుగో రోజు జల్లెడ వచ్చి ఇటుకలు పైకి తేలేదాకా గీరిపోయింది.

అప్పటినుంచి ఏం చేస్తున్నామంటే, ఒడ్డు దాటగానే బిళ్ళ ఊడదీసి నీళ్ళ మీద తేలే బుంగకి కట్టి, చేపపిల్ల కూడా లేని ఇసుకమేట మీద లంగరు రాయి వేసి వదిలేస్తాం. చుక్క అక్కడ, మనిషి ఇంకెక్కడో. నేరమే. నలభై పడవలూ చేస్తాయి. ఒకరి చోటు ఒకరికి చెప్పుకోం కూడా. ఎటు వెళ్తున్నావని అడగడమే తప్పు. ఉత్తరానికి వెళ్ళదల్చుకున్నవాడు దక్షిణానికి బయల్దేరి, కనుమరుగయ్యాక తిరుగుతాడు. అక్కాతమ్ముళ్ళ మధ్య కూడా ఇదే పద్ధతి. ఎల్లాజీకి బిళ్ళ కట్టడం నేర్పింది నేనే.

ఇసుకమేట దగ్గర వాడు బుంగ వదులుతుంటే అన్నాను: “గాలి తిరుగుతాదిరా. దగ్గర్లోనే సూసుకుని వచ్చీ.”

“నువ్వెల్లప్పా. నాకు పనుంది.”

“సముద్రంలో పనేట్రా?”

నవ్వి దక్షిణానికి తిప్పాడు. అంటే ఉత్తరానికి వెళ్తాడనుకున్నాను.

మా చోటు సినిమా హాలు. వాటర్ ట్యాంకు తలా, కొండ మీద చీలిక రాయీ ఒకే గీతలోకి వస్తే హాలు మా కిందే ఉన్నట్టు. దారిలో ఆస్పత్రి వస్తుంది. మూడంతస్తుల ఆస్పత్రి. నీళ్ళెక్కిన రోజు ఎత్తుగా ఉందని సగం ఊరు అందులోకే ఎక్కింది. మా అమ్మ అక్కడే పోయింది. దానయ్యన్న భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ అక్కడే పోయారు. ఇప్పుడు పాటు తీసి నీళ్ళు తగ్గినప్పుడు దాని మెట్లగది కప్పు మాత్రం జానెడు బయటికి కనపడుతుంది. ఆ చుట్టుపక్కల నలభై ఒక్క ఏళ్ళుగా ఎవరూ గాలం వెయ్యలేదు. అక్కడికి రాగానే మోటారు ఆపి, దోసెడు నీళ్ళు తీసి మళ్ళీ నీళ్ళలోకే వదిలి ముందుకు పోతాం. ఇవాళ కెరటం పక్కనుంచి కొడుతుంటే ఆపొద్దని అరిచాను. దానయ్యన్న బ్యాటరీ తీగ పీకేశాడు.

“ఆపీసినాను. అరుసుకుంటే అరుసుకో,” అన్నాడు.

గాలాలు దించేసరికి ఏడున్నర. ఎర కవ్వళ్ళనే చిన్న చేపల ముక్కలు. వానకి వేళ్ళు కొయ్యబారి, దారం కోస్తున్నా తెలియలేదు. గంటసేపు ఏమీ లేదు. తర్వాత ఒక పండుగప్ప పడింది, మూడు కిలోలకి తక్కువుండదు. పైకి లాగుతుంటే కెరటం పడవని ఎత్తి కుదేసింది. చేపా, నేనూ, దానయ్యన్నా ముగ్గురం పడవ అడుగునున్న నీళ్ళలో పడ్డాం.

“దాన్ని ఒగ్గీకే! నన్నొగ్గీసినా పర్నేదు!” అని, చేపని వదలొద్దని ఆయన అరుపు. నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను.

నవ్వు అక్కడితో సరి. గాలి ఈశాన్యానికి తిరిగింది. నీళ్ళు తోడడానికి ఒకరు, పడవ ముక్కుని కెరటానికి ఎదురుపెట్టి పట్టుకోడానికి ఒకరు, ఇంక గాలం ఎవరు చూస్తారు? పలక తీసి చూశాను. చిరుజల్లులు. ఒకటిన్నర మీటరు. నా ఎదురుగా లేచిన కెరటం వెనక కొండ మొత్తం మాయమైంది. పలకని సముద్రంలోకి గిరాటెయ్యబోయాను, దానయ్యన్న చెయ్యి పట్టుకున్నాడు.

ఒక్క చేపతో తిరిగొచ్చాం. ఇసుకమేట దగ్గర మా బుంగ తీసుకుని బిళ్ళ బిగించుకున్నాం. ఎల్లాజీ బుంగ ఇంకా అక్కడే ఊగుతోంది.

మంగళవారం, నాలుగూ ముప్పావు

చేతులకి పని లేకపోతే పిచ్చెక్కేట్టుంది. అందుకని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడున్నరకి కూడా ఎల్లాజీ రాలేదు. వాడి భార్య దేవుడమ్మ గట్టు మీద తడుస్తూ నిలబడే ఉంది. జాడ గదికి పరిగెత్తాను. తెర మీద మళ్ళీ హిమవంతే.

“ముప్పై ఒకటో నంబరు పడవ రాలేదు. గద్దని పంపండి,” అన్నాను. గద్ద అంటే మండలి వాళ్ళ ఎగిరే యంత్రం. బుట్ట దించి మనిషిని పైకి తీస్తుంది.

అతను చూసి చెప్పాడు. “ముప్పై ఒకటి క్షేమంగా ఉందమ్మా. చుక్క కదల్లేదు.”

“కదలకపోతే క్షేమమా?”

“కొట్టుకుపోతే చుక్క కదులుతుందండి. మునిగితే ఆరిపోతుంది. ఇది పొద్దున్నుంచీ ఒకేచోట నిలకడగా ఉంది. మీ తమ్ముడు చాలా మంచి లంగరు వేశారు.”

చాలా మంచి లంగరట! ఆ రాయికి ముడి వేసి ఇచ్చింది నేను. నిజం చెబితే వాడి పడవా, నా పడవా పోతాయి, ఊరి గుట్టు బయటపడుతుంది. పైగా ఏం చెప్పాలి? బుంగ దగ్గర లేడని తెలుసు, ఎక్కడున్నాడో తెలియదు. అడుగూరు మూడు మైళ్ళ పొడవు. వాడు నాకు చెప్పలేదు. చెప్పకూడదని నేర్పిందీ నేనే. మండలిని తిట్టాను, జల్లెడల్ని తిట్టాను, అన్నిటికంటే ఎక్కువ నన్ను నేను తిట్టుకున్నాను.

గట్టుకి వచ్చి పడవ నెట్టాం. నేనూ, దానయ్యన్నా, మరో నలుగురు మగాళ్ళూ. మొదటి కెరటం దాటింది. రెండోది దాటింది. మూడోది నిలువునా లేచి పడవని బోర్లించింది. బ్యాటరీ తడిసి చచ్చింది. దానయ్యన్న భుజం జారింది. ఇంకో పడవ తీస్తామని ముందుకు వచ్చినవాళ్ళని ఆయనే ఆపాడు.

అప్పుడు దేవుడమ్మ నా చెయ్యి పట్టుకుంది. “వదినా, ఒక మాట సెప్పాల. కోప్పడతావు.”

“ఇప్పుడు కోప్పడక ఎప్పుడు కోప్పడతాను? సెప్పు.”

“ఎల్లినప్పుడల్లా రెండు పొట్లాలు కట్టమంటాడు. ఏడాదైపోయింది. ఒకటి తనకి. రెండోది ఎవరికో సెప్పడు. అన్నం, సొరపిట్టు. వెల్లుల్లి దండిగా ఎయ్యమంటాడు, కారం తగలకూడదంటాడు. అది బాలింతలు తినే కూడు గదా వదినా.” ముఖం తిప్పుకుంది. “లంకల్లో ఎవర్తినో ఎట్టుకున్నాడు, దానికి బిడ్డ పుట్టింది గాబోలనుకున్నాను. సిగ్గేసి నీకు సెప్పనేదు.”

సముద్రంలో వాడికంటూ ఉన్న బాలింత ఒక్కతే. మా అమ్మ. నీళ్ళెక్కిన రోజుకి ఎల్లాజీ పుట్టి రెండు రోజులు. నాన్న పడవేసుకుని ఆస్పత్రి మూడో అంతస్తు కిటికీ దగ్గరికి వెళ్ళాడు, పడవలో నేనున్నాను, తొమ్మిదేళ్ళదాన్ని. ఒక ఆయా బిడ్డని కిటికీలోంచి నా చేతుల్లో పెట్టింది. తర్వాతి విడత మీ అమ్మ అంది. పడవ నిండి ఉంది. మేం రెండోసారి వెళ్ళేసరికి ఆ కిటికీ నీళ్ళ కింద ఉంది.

వాడు దక్షిణానికీ వెళ్ళలేదు, ఉత్తరానికీ వెళ్ళలేదు. మెట్లగది కప్పు దగ్గరికి వెళ్ళాడు. పోటు ఆరింటికల్లా నిండుతుంది. నిండితే ఆ కప్పు మీద మనిషి మునిగే ఎత్తు నీళ్ళు.

ఇంకొక్కటి మిగిలింది. గద్ద వెళ్ళిన ప్రతి చోటూ, అడుగున ఏముందో కొలతలతో సహా, పటంలోకి ఎక్కుతుంది. ఇన్నేళ్ళూ ఆస్పత్రిని మేం ఏ చుక్కా పడకుండా కాపాడుకున్నాం. అది నా ఒక్కదాని తల్లి ఉన్న చోటు కాదు. భుజం పట్టుకుని కూర్చున్న దానయ్యన్న దగ్గరికి వెళ్ళాను.

“అన్నా, ఆస్పత్రి అని సెప్పాలి. సెప్తే ఆ సోటు అందరికీ తెలిసిపోతాది.”

ఆయన నా మొహంలోకి చూశాడు. ఇంత కోపంగా నన్ను ఎప్పుడూ చూడలేదు. “బతికున్నోడి కోసం సచ్చినోళ్ళ సెలవడుగుతావేటే? నువ్వింకా ఇక్కడే నిలబడ్డావేటి? ఎల్లి సెప్పు!”

చెప్పాను. మళ్ళీ జాడ గదికి పోయి హిమవంత్‌కి బిళ్ళ ఊడదీశామని చెప్పాను, బుంగ సంగతి చెప్పాను.

హిమవంత్ ఒక కొత్త గడి తెరిచాడు. “ఇది నేరమమ్మా. నమోదు చెయ్యాల్సి వస్తుంది.”

“చెయ్యండి. ముందు గద్దని లేపండి.”

“మిగతా పడవలు కూడా ఇలాగే...”

“మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు. పాత ఆస్పత్రి, మెట్లగది కప్పు. లేపండి బాబూ!”

“అలాంటి చోటు మా పటంలో లేదండి.”

“మేం ఉండనివ్వలేదు. మునగకముందు నాటి ఊరి పటం తియ్యండి. వాటర్ ట్యాంకుకి తూర్పున, రెండు ఫర్లాంగులు.”

తీశాడు. వెతికాడు. ఒక కాగితం మీద పైఅధికారి అనుమతి కావాలన్నాడు. ఆ మాటకి నేనేమన్నానో ఇక్కడ రాయను. నాలుగున్నరకి గద్ద లేచింది.

ఇంకా రాలేదు.

మంగళవారం, ఆరు కావస్తోంది

వచ్చాడు. ఉన్నాడు. మిగతాది రేపు రాస్తాను.

బుధవారం, మధ్యాహ్నం

గద్ద వెళ్ళేసరికి నీళ్ళు వాడి గుండెల దాకా వచ్చాయి. పడవ రెండు ముక్కలై పోయింది. మెట్లగది కప్పులోంచి పైకి పొడుచుకొచ్చిన ఇనప ఊచకి పడవ తాడుతో తనని తాను కట్టుకుని నిలబడ్డాడట. అరచేతుల్లో చర్మం లేదు. పెదాలు నల్లబడ్డాయి. బుట్టలోంచి గట్టు మీద దించగానే నేను చేసిన మొదటి పని వాడి చెంప పగలగొట్టడం. దేవుడమ్మ అడ్డం రాలేదు, తన వంతు కోసం పక్కనే నిలబడింది.

“బుద్దుందేట్రా నీకు? ఆ గాలిలో ఆడికెల్తావా?”

“గాలం ఎయ్యనేదప్పా. ఒట్టు. పొట్లం వొగ్గీసి వచ్చీద్దామనే ఎల్లినాను. కెరటం పడవని కప్పు మీదకి కొట్టీసింది.”

“అక్కకి సెప్పాలని నేదేట్రా?”

“సెప్తే నవ్వుతావని.” కంబళిలోకి ముడుచుకున్నాడు. “నీకు తొమ్మిదేళ్ళు అన్నమెట్టింది. నాకు రెండ్రోజులు పాలిచ్చింది. అప్పటికి బాలింతే గదా, ఆకలుంటాది గదా అప్పా.”

నేను ఏడ్చాను. చెంప మీద నా వేళ్ళ గుర్తులు కనపడుతుంటే ఇంకా ఏడ్చాను. వాడికి మొన్నటికి నలభై ఒక్క ఏళ్ళు నిండాయి. వాడికి అమ్మ ఏ కూర ఇష్టంగా తినేదో కూడా నేనెప్పుడూ చెప్పలేదు. అడిగితే నాకు కోపం వచ్చేది, నాకు కోపం వస్తుందని వాడు అడగడం మానేశాడు.

ఇక మండలి సంగతి. ఇవాళ పొద్దున్నే ముప్పై ఒకటో నంబరుకి హెచ్చరిక వచ్చింది. ఎల్లాజీ నిన్నటి నుంచి తిరిగి రాకుండా, ఇచ్చిన రోజు దాటి వేట చేస్తున్నాడట. ఎందుకంటే వాడి చుక్క ఇంకా ఇసుకమేట మీదే ఉంది. వాణ్ణి బుట్టలో మోసుకొచ్చింది వీళ్ళ యంత్రమే! మనిషి నా పక్కన కూర్చుని గంజి తాగుతున్నాడని హిమవంత్‌కి చూపించాను. “గద్ద విభాగం వేరండి, చుక్కల విభాగం వేరు” అన్నాడు. మధ్యాహ్నానికి రెండో కాగితం వచ్చింది, బిళ్ళ ఊడదీసినందుకు మా రెండు పడవలకీ నాలుగు నెలలు వేట రద్దు. ఆ విభాగం మాత్రం చాలా చురుకు.

శుక్రవారం, రాత్రి

నేను భయపడ్డదే అయింది. పటంలో పాత ఆస్పత్రి వచ్చింది. “రక్షణ చర్య జరిగిన స్థలం” అని ఒక గుర్తు. దాని కింద లోతు. దాని కింద, చేపల సాంద్రత, అత్యధికం. ఉండదా మరి? ఇన్నేళ్ళుగా అక్కడ ఎవరూ చెయ్యి పెట్టలేదు.

హిమవంత్‌ని అడిగాను. మనిషిని కాపాడటానికి చెప్పిన చోటు, చేపలు పట్టేవాళ్ళకి ఎలా ఇస్తారని.

“మండలి పటంలో దాపరికం ఉండకూడదమ్మా. అది అందరి ఆస్తి.”

“అందులో మా వాళ్ళున్నారు.”

“అర్థమైందండి. కానీ అది శ్మశానంగా నమోదు కాలేదు. నమోదు కావాలంటే పేర్లు, ఆధారాలు కావాలి. ఆ కాగితాలు పాత ఊళ్ళోనే...” అక్కడ ఆగాడు. కాగితాలు కూడా ఆ నీళ్ళలోనే ఉన్నాయని అతనికీ తట్టినట్టుంది.

సాయంత్రానికి ఒక జల్లెడ వేట అనుమతి తీసుకుంది. ఆదివారం పొద్దున్నకి.

ఆదివారం, పదకొండు గంటలు, పడవలో

మళ్ళీ వాన. కెరటం మొన్నటంత లేదు, కానీ గాలి చెవులు కోస్తోంది. బరకం మోకాళ్ళ మీద కప్పుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ.

నిన్న వల గుడిసెలో అందరం కూర్చున్నాం. బిళ్ళలు ఊడదీసే సంగతి నేను ఒప్పేసుకున్నందుకు ఇద్దరు ముగ్గురు నన్ను నిష్ఠూరంగా చూశారు. దానయ్యన్న లేచి, భుజానికి కట్టిన గుడ్డతోనే, మండలి రూలు ఒకటి గుర్తుచేశాడు. మనిషున్న చిన్న పడవకి అరమైలు లోపలికి జల్లెడ రాకూడదు. చుక్క వెలుగుతున్నంతసేపే. మామూలుగా ఆ రూలు మాకు దేనికీ పనికిరాదు. సాయంత్రం మేం ఇంటికి పోగానే జల్లెడ వచ్చేస్తుంది.

“అయితే ఇంటికెల్లం,” అన్నాడు ఆయన. అంతకంటే పెద్ద ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు.

పొద్దున్న ముప్పై తొమ్మిది పడవలు బయల్దేరాయి. ఎల్లాజీ పడవ లేదు కాబట్టి వాడు కూడా నాతో, దానయ్యన్నతో నా పడవలో ఉన్నాడు, రెండు చేతులకీ కట్లతో, ఏ పనికీ రాకుండా. తడిసిన నా బ్యాటరీ బదులు పక్కింటివాళ్ళు తమది ఇచ్చారు. ఇసుకమేట దగ్గర ఎవరూ ఆగలేదు. ఎవరూ బిళ్ళ ఊడదియ్యలేదు. ఆస్పత్రి చుట్టూ గుండ్రంగా లంగర్లు వేశాం. గాలం ఒక్కటి కూడా లేదు. జల్లెడ తొమ్మిదింటికి వచ్చి అరమైలు అవతల ఆగింది. ఇక్కడినుంచి చూస్తే దాని పళ్ళ వల గాల్లో వేలాడుతూ కనపడుతోంది. సైరను రెండుసార్లు కూసింది. కూసుకోనీ.

పదింటికి పలకలో హిమవంత్ పలికాడు. అటునుంచి వాళ్ళు పిలిస్తేనే అది మాట్లాడుతుంది. ఆదివారం కూడా అతనికి సెలవు లేనట్టుంది.

“అమ్మా, ముప్పై తొమ్మిది చుక్కలు ఒకేచోట కనపడుతున్నాయి. మళ్ళీ బిళ్ళలు ఊడదీశారా?”

నిజం చెప్పినప్పుడే ఈ మనుషులకి అనుమానం వస్తుంది. “లేదు. చుక్క ఉన్నచోటే మనిషున్నాడు. కావాలంటే మీ గద్దని పంపి లెక్కపెట్టించండి.”

“ఇవాళ మీలో ఎవరికీ వేట రోజు కాదు. మీ పడవకైతే రద్దు కూడా ఉంది.”

“మేం వేటకి రాలేదు.”

“మరి అక్కడ ఏం చేస్తున్నారు? ఏదో ఒక కారణం నమోదు చెయ్యాలండి. ఆ ఓడ వాళ్ళు పదినిమిషాలకోసారి అడుగుతున్నారు. అక్కడేముంది?”

నేను నోరు తెరిచేలోపల దానయ్యన్న పలక నా చేతిలోంచి లాక్కున్నాడు. వానలో దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా మొదలుపెట్టాడు.

“పేర్లుండాలన్నావంట గదా బాబూ. రాసుకో. సూరాడ రాములమ్మ. ఇరవై మూడేళ్ళు. నా పెళ్ళాం. జొరమొచ్చి సేరింది. రాసినావా? సూరాడ నీలవేణి. నాలుగేళ్ళు. పెద్దది. తరవాత సిన్నది. దానికి పేరెట్నేదింకా. నెల నిండాక ఎడదామనుకున్నాం. పాప అని రాసుకో.”

నలభై ఒక్క ఏళ్ళలో ఆయన నోట ఆ పేర్లు నేను వినలేదు. జల్లెడ మళ్ళీ కూసింది. దానయ్యన్న పలకని ఎల్లాజీ చేతిలో పెట్టాడు. వాడు కట్లు కట్టిన రెండు చేతుల మధ్యా దాన్ని పట్టుకున్నాడు.

“సూరాడ సన్యాసమ్మ,” అన్నాడు. “ముప్పై ఏళ్ళు. బాలింత.”

అవతల పడవలోవాళ్ళు తాడు విసిరి దగ్గరికి లాక్కుంటున్నారు. వాళ్ళ వెనక ఇంకో పడవ వస్తోంది. అందరూ పలక కోసం చేతులు చాపుతున్నారు.

“అమ్మా,” అన్నాడు హిమవంత్. “ఇంకా ఎంతమంది ఉన్నారు?”

“ముప్పై ఎనిమిది పడవలున్నాయి బాబూ,” అన్నాను. “రాస్తూ ఉండు.”